క్యాన్సర్ గురించి సంఘంలో సాక్ష్యం

మన సంఘాలలో సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో అందరికీ తెలిసినదే. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కోవడానికి ఈ సాక్ష్యాన్నే వాడుకొన్నారు.

అమెరికాలో తెల్లజాతి స్త్రీలకంటే నల్లజాతి స్త్రీలకు ఈ జబ్బు కొంచెం తక్కువగానే వస్తుంది. కాని దానివలన మరణించే రేటు మాత్రం నల్లజాతి స్త్రీలలో సుమారు 40 శాతం ఎక్కువ. జబ్బు స్వభావంలో కొంత తేడా ఉన్నది నిజమే. అయితే పేదరికం, వైద్యం సకాలంలో అందకపోవడం, ఆలస్యంగా బయటపడటం కూడా పెద్ద కారణాలే.

వీటికి తోడు భయం ఒకటుంది. క్యాన్సర్ అంటే చావే, దాని పేరే ఎత్తకూడదు అని చాలామంది అనుకొనేవారు. నయమైనవారు కూడా బయటికి చెప్పుకొనేవారు కాదు. అందువలన చనిపోయినవారే అందరికీ కనబడేవారు, బ్రతికినవారు కనబడేవారు కాదు.

1990వ దశకంలో ఆర్కన్సా వైద్య విశ్వవిద్యాలయం వారు నల్లజాతి సంఘాలతో కలిసి 'విట్‌నెస్ ప్రాజెక్ట్' నడిపారు. విట్‌నెస్ అంటే సాక్షి. క్యాన్సర్‌ను జయించిన స్త్రీలు చర్చిలో నిలబడి తమకు జరిగినది చెప్పేవారు. శిక్షణ పొందిన స్థానిక స్త్రీలు రొమ్ము నమూనా చూపి గడ్డ ఎలా తెలుస్తుందో నేర్పేవారు, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) తీయించుకోమని ప్రోత్సహించేవారు. ఈ సభలకు వచ్చినవారిలో ఆ పరీక్ష చేయించుకొనేవారు పెరిగారని పరిశోధకులు గమనించారు. తరువాత ఈ పద్ధతి ఇతర రాష్ట్రాలకూ వెళ్ళింది.

శిక్షణ, లెక్కలు విశ్వవిద్యాలయానివి. మాట్లాడినది మాత్రం సంఘ స్త్రీలే. అసలు బలం ఇక్కడే ఉన్నదని మాకు తోస్తుంది. డాక్టరు చెబితే తల ఊపి ఇంటికి వెళ్ళిపోతాం. ఆరాధనలో రోజూ మన పక్కన కూర్చొనే అక్క చెబితే, ఆ రాత్రి నిద్రపోయే ముందు ఆలోచిస్తాం.

మన ఇళ్ళలోనూ సిగ్గు తక్కువేమీ కాదు. నొప్పి లేదు కదా అని గడ్డను నెలల తరబడి దాచుకొనే తల్లులున్నారు. మొదట్లో ఈ గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు, గుర్తుంచుకోండి. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాని నుండి రక్తం కారడం కనబడితే వెంటనే చూపించుకోండి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. అయినా, తొలిదశలో పట్టుబడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

మీ సంఘంలో చికిత్స పొంది బాగున్న సహోదరి ఉంటే, స్త్రీల కూడికలో పది నిమిషాలు మాట్లాడతారేమో అడిగి చూడండి. ఇష్టం లేదంటే బలవంతపెట్టకండి.