టేకు కిటికీ పీకకుండానే గది చల్లబడుతుంది

పాత ఇంట్లో ఒక గదికి ఏసీ పెట్టించగానే మొదట వేటు పడేది కిటికీల మీదే. సందుల్లోంచి చల్లదనమంతా పోతోంది, పీకేసి యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకోండి అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తాతల నాటి టేకు రెక్కలు, ఇనుప ఊచలు, పైనున్న రంగుటద్దాల వెంటిలేటరు పాతకలప దుకాణానికి చేరతాయి. ఆ పనితనం మళ్లీ చేయించుకుందామన్నా దొరకదు. నిజానికి చాలా ఇళ్లలో పీకాల్సిన అవసరమే ఉండదు.

కిటికీలోంచి వేడి మూడు దారుల్లో వస్తుంది: సందుల్లో దూరే గాలి, అద్దం మీద నేరుగా పడే ఎండ, అద్దంలోంచీ చట్రంలోంచీ ప్రసరించే వేడి. చట్రం సంగతికొస్తే కలప మనకు మేలే చేస్తుంది. అల్యూమినియంలో వేడి కలపలో కన్నా దాదాపు వెయ్యి రెట్లు సులువుగా ప్రసరిస్తుంది. పాత కిటికీ అసలు బలహీనత సందుల్లోనూ ఎండలోనూ ఉంది.

4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న రెండు రెక్కల కిటికీని తీసుకుందాం. చుట్టూరా, నడుమ రెక్కలు కలిసేచోట లెక్కేస్తే 18 అడుగుల అంచు. దాని పొడవునా 3 మిల్లీమీటర్ల సందు ఉంటే, గోడకు 5 అంగుళాల చదరపు కంత పెట్టినట్టే. రాత్రి గదిలో లైటు వేసి బయటికెళ్లి చూడండి. వెలుగు గీత కనబడ్డ చోటల్లా సందే. వడ్రంగిని పిలిచి వదులైన మడతబందులు బిగించమనండి. గొళ్ళెం పెడితే రెక్క చట్రానికి గట్టిగా ఆనాలి. అద్దం చుట్టూ ఎండి రాలిన లప్పం గీకి కొత్తది పెట్టించండి. ఆ తర్వాతే రెక్క ఆనే అంచుకు మెత్తని రబ్బరు పట్టీ అతికించాలి. వానాకాలంలో కలప ఉబ్బి రెక్క బిగుసుకుంటే ఎక్కువ చిత్రిక పట్టించకండి. ఇప్పుడు తీసేసిన చెక్కే ఎండాకాలానికి సందవుతుంది. నలిగి మళ్లీ పొంగే పట్టీ అయితే రెండు కాలాలకూ సర్దుకుంటుంది.

ఎండను మాత్రం బయటే ఆపాలి. అద్దం దాటొచ్చిన ఎండ గదిలోని వస్తువులను వేడెక్కిస్తుంది. ఆ వస్తువులు వెదజల్లే వేడి అద్దంలోంచి తిరిగి నేరుగా బయటికి పోలేదు. అందుకే లోపల ఎంత ఖరీదైన కర్టెను కట్టినా ఆలస్యమైన పనే. దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ చాలు, ఎండాకాలం నడినెత్తిన ఉండే సూర్యుణ్ణి అది అడ్డుకుంటుంది. పడమట సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది, సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. అక్కడ బయటివైపు వెదురు తెర దించాలి. రాయలసీమ, తెలంగాణల పొడి ఎండకు తడిపిన వట్టివేళ్ల తడికె హాయినిస్తుంది. కోస్తా ఉక్కలో దానివల్ల అంత లాభం ఉండదు.

చెక్క రెక్కలుంటే మధ్యాహ్నం మూసేయడమూ మంచి ఉపాయమే. 2008లో స్కాట్లాండ్‌లో పాత కట్టడాల సంరక్షణ చూసే హిస్టారిక్ స్కాట్లాండ్ సంస్థ కోసం గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయం పాతకాలపు ఒంటి అద్దపు కిటికీని పరీక్షించింది. చెక్క తలుపులు మూస్తే దాంట్లోంచి పోయే వేడి 51 శాతం తగ్గింది. లోపల రెండో అద్దం అమర్చితే 63 శాతం తగ్గింది. మందపాటి కర్టెన్లతో తగ్గింది 14 శాతమే. అది చలిదేశపు లెక్కే అయినా, ఏసీ గదిలోకి బయటి వేడి ప్రసరించడానికీ సూత్రం ఒకటే.

ఆ రెండో అద్దం మన ఇళ్లకూ కుదురుతుంది. పాత గోడలు మందం కాబట్టి ఊచలకు ఇవతల తేలికైన అద్దపు చట్రానికి చోటుంటుంది. రెండు అద్దాల నడుమ రెండు సెంటీమీటర్ల గాలి నిలిచినా సరిపోతుంది. పాత చట్రానికి ఒక్క మేకు కూడా కొట్టకుండా, అక్కర్లేనప్పుడు తీసిపెట్టేలా చేయించండి. నల్లని సన్ ఫిల్మును పాత అద్దాలకు అతికించవద్దు. అద్దం ఎండను పీల్చుకుని ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కి పగలొచ్చు.

వంటింటి కిటికీ జోలికి మాత్రం పోకండి. గ్యాస్ పొయ్యి వెలిగే చోట గాలి ఆడాలి. పడకగదిలోనూ తెరిచే వీలున్న వెంటిలేటరు ఒకటి ఉంచుకోండి.

పై అంతస్తు గది అయితే కిటికీకన్నా కప్పు నుంచే ఎక్కువ వేడి దిగుతుంది, ముందు దాని సంగతి చూడాలి. మిగతా గదుల్లో పడమటి కిటికీతో మొదలుపెట్టండి. తెర, లప్పం, పట్టీలతో ఒక వేసవి గడిపి చూసి, ఆ తర్వాతే కిటికీ మార్చాలా వద్దా అన్నది తేల్చుకోండి.