దేవుని రాజ్యమన నెట్టిది?

క్రైస్తవులు ప్రతిదినము చేయు ప్రార్థనలో దేవుని రాజ్యము రావలెనను కోరిక యొకటి కలదు. అది యేసుక్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన. మిషను పాఠశాలలలో చదివిన హిందూ బాలికలు సైతము దానిని వినియే యుందురు. వినినంత మాత్రమున నర్థము తెలియునా? రాజ్యమనగనే మనకు కోటలు, సైన్యములు, ఎల్లలు స్ఫురించును. పరలోకరాజ్యమన్నచో మరణానంతరము చేరు స్వర్గమని తోచును. పలువురు క్రైస్తవులును అట్లే తలతురు.

మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద భారత భాగవతములతోపాటు కొంత వ్యాకరణమును జదివితిమి. రాజు యొక్క భావము గాని కర్మము గాని రాజ్యమని వ్యుత్పత్తి. అనగా నేల కాదు, ఏలుట. సువార్తలు వ్రాయబడిన గ్రీకుభాషలోని ‘బసిలేయా’ యను మాటకును ఏలుబడి యనియే ప్రధానార్థమని పండితులు చెప్పుదురు. పరలోకరాజ్యమను మాట మత్తయి సువార్తలో తఱచుగా గనబడును. యూదులు భక్తిచే దేవుని నామము నుచ్చరింప వెనుకాడి పరలోకమని వాడుటయే దీనికి హేతువందురు. మార్కు, లూకా సువార్తలలో నదే సందర్భమున దేవుని రాజ్యమని యుండును. కావున ఆ రాజ్య మెచ్చట నున్నదని యడుగుటకంటె, ఆయన మాట యెచ్చట చెల్లుచున్నదని యడుగుట సమంజసము. అది యెప్పుడు వచ్చునని పరిసయ్యులు ప్రశ్నింపగా, వేలుపెట్టి చూపదగినట్లు వచ్చునది కాదనియు, వారి నడుమనే యున్నదనియు యేసు బదులు చెప్పినట్లు లూకా వ్రాసెను. అట్లని యంతయు నెఱవేఱినదనియు జెప్పలేదు. వచ్చినది, ఇంకను రావలసియు నున్నది.

ఆ యేలుబడి యెట్టిదో తెలుపుటకు యేసు సింహాసనములను వర్ణింపలేదు. వంటయింటిలోనికి వచ్చెను. ఒక స్త్రీ మూడు కొలతల పిండిలో కొంచెము పులిపిండిని గలుపగా నంతయు పొంగినదట. దేవుని రాజ్య మట్టిదట. ఆ మూడు కొలతల పిండి నూఱుమందికి రొట్టెలకు సరిపోవునని లెక్క చెప్పుదురు. ఒక్క యింటి కింత పిండి యేల? పెండ్లివంట వలె నున్నది! మన యిండ్లలో రొట్టెపిండి పులియబెట్టుట తక్కువ గాని, పాలకు తోడు వేయుట నెఱుగని స్త్రీ లేదు. గిన్నెడు పాలకు చెంచాడు మజ్జిగ. వేసిన పిమ్మట కదపరాదు. మాటిమాటికి మూత తీసి చూడరాదు. తెల్లవాఱునప్పటికి పాలు పాలుగా నుండవు. యూదులు పస్కా పండుగకు పులిసినదానిని లవలేశము లేకుండ నింటినుండి తీసివేయుదురు. అట్టి వస్తువునే దేవుని రాజ్యమునకు పోలికగా జెప్పుట నాటి వినువారికి వింతగా దోచియుండును.

అయినను మాకు మిక్కిలి నచ్చినది ద్రాక్షతోట కూలీల కథ. ఒక యజమానుడు తెల్లవాఱగనే కూలీలు నిలుచు చోటికి పోయి, దినమున కొక దేనారము చొప్పున మాటాడుకొని కొందఱిని తోడ్కొనివచ్చెను. తొమ్మిది గంటలకు, మధ్యాహ్నమునకు, మూడు గంటలకు మఱల పోయెను. సాయంకాల మైదు గంటలకు పోగా నింకను కొందఱు నిలిచియుండిరి. ఏల నిలిచితిరన, తమ్ము పిలిచినవారు లేరనిరి. వారిని సైతము పనికి బంపెను. ప్రొద్దు గ్రుంకిన పిదప కడపటివారితో నారంభించి యందఱికిని ఒక్కొక్క దేనారమే యిచ్చెను. దినమంతయు నెండలో శ్రమించినవారు సణిగిరి.

ఈ కథ చదువుటకు పాలస్తీనా పోనక్కఱలేదు. హైదరాబాదున 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో అద్దాల మేడలు లేచుచునే యున్నవి. వానిని గట్టిన చేతులు పాలమూరు మొదలుకొని ఒడిషా, బీహారు వఱకు గల పల్లెలవి. ఉదయమున నచ్చటి కూడళ్ల యొద్ద తాపీ, సద్దిడబ్బా చేతబట్టి యడ్డాలపై నిలుచువారిని మన మందఱము చూచుచునే యున్నాము. మేస్త్రీ బండి యాగగనే బలిష్ఠులు ముందెక్కుదురు. పది గంటలకు మిగులువారెవరు? తల నెఱసినవారు, చంకను బిడ్డగల తల్లులు. పిలుపు రానివాని యింట నాకలి తక్కువగా నుండునా? దేనారమన నాడొక కుటుంబము ఒక దినము గడుపుకొను కూలి. యజమానుడు గంటలను లెక్కింపలేదు, పొయ్యిని లెక్కించెను.

మా వారు ఉపాధ్యాయులు. ఈ కథ విని, ఇట్లయినచో మఱునాడు తెల్లవాఱుజామున పనికి వచ్చువాడుండునా యని ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. కాని ముందు వచ్చినవాని కూలిలో పైసయు తగ్గలేదు. తగ్గినది వాని గొప్ప మాత్రమే.

ఈ బోధ మన తెలుగుదేశమున నాచరణకు వచ్చిన సందర్భమొకటి కలదు. 1866లో జాన్ ఎవరెట్ క్లఫ్ అను అమెరికా బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరెను. మాదిగలను జేర్చుకొన్నచో తాము రామని యగ్రవర్ణులు తెలిపిరి. ఆయన యొక గదిలో, భార్య హారియెట్ మఱియొక గదిలో, ఒకరి సంగతి యొకరెఱుగక బైబిలు తెఱవగా నిద్దఱికిని ఒకే భాగము, లోకము తృణీకరించినవారిని దేవుడు కోరుకొనెనను పౌలు లేఖాభాగము, కనబడెనని క్లఫ్ చెప్పికొనెను. సందేహము తీఱెను. 1876–78 నాటి ధాత కరవున నాయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని, ఆకొన్నవారికి కూలి కల్పించెను. గింజల కొఱకు మతము మారిరను మాట రాకుండ కరవుకాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. పిదప 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో నొక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ముందు కూలి, తరువాత మతము. ఈ క్రమము మాకు గొప్పదిగా దోచుచున్నది.

ఇంకొక విశేషము. దేవుని రాజ్యము ఆత్మరక్షణ మాత్రమే కాదు, కూలి, నివాసము, న్యాయము గూడ నని 1907లో గ్రంథము వ్రాసి యమెరికాను గదలించిన వాల్టర్ రౌషెన్‌బుష్ సోదరి ఎమ్మా, ఒంగోలు మిషనులో పనిచేసి 1894లో క్లఫ్‌ను వివాహమాడెను. మాదిగల కథలను జేర్చి యామె వ్రాసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ 1899లో వెలువడెను. సోదరుని పేరు చరిత్రలో నిలిచినంతగా సోదరి పేరు నిలువలేదు. ఇది మనకు క్రొత్త కాదు గదా! మెదకు గుడి సంగతి యందఱెఱిగినదే. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరవుకాలమున జనులకు పని కల్పించి కట్టించిన యా గుడి 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠితమయ్యెను.

నేడు మన నగరమున దేవుని రాజ్యమన్న నుద్యోగోన్నతి, అమెరికా వీసా యని బోధించువారు లేకపోలేదు. వీసాకై చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణములు చేయు మనము వారిని జూచి నవ్వుట తగదు. కోరిక కోరుట తప్పు గాదు. కాని తోటలో మనకు లభించిన పనిని, కూడలిలో నిలిచియున్నవానిని మఱపించు బోధ ద్రాక్షతోట కథకు చేరదు.

అడ్డాకు పోని మనము యజమానులము కామని తలపవలదు. పనిమనిషికి జీతమిచ్చు దినమున మనమే యజమానురాండ్రము. ఆమె జ్వరముతో నాలుగు దినములు మానినచో జీతము కోయుదుమా? మన యింటివారికి సెలవు దినమున జీతము కోసిన నోర్తుమా?

మే మెఱిగిన యొక బహుళాంతస్తుల నివాససముదాయమున పనివారికి వేఱు లిఫ్టు కలదు. అది చెడినపుడు, బిడ్డ నెత్తుకొన్న స్త్రీ పదునొకండవ యంతస్తునకు మెట్లెక్కి పోవుచుండెను. నివాసుల లిఫ్టులు రెండును ప్రక్కనే తిరుగుచుండెను. అచ్చట నివసించు క్రైస్తవ సోదరి యొకామె స్త్రీల సభలో ఈ సంగతి నెత్తి, పనివారందఱును అన్ని లిఫ్టులు నెక్కవచ్చుననియు, నెలకు నాలుగు దినములు జీతముతో సెలవీయవలెననియు ప్రతిపాదించినది. శుభ్రత చెడునని యొకరు, అలవాటు చెడునని యొకరు అడ్డుచెప్పిరి. ఆ యంట్లు తోమి, మీ పిల్లలకు స్నానము చేయించు చేతులకే శుభ్రత లేదా యని యామె యడుగగా గొంతసేపు మాటలు లేకపోయెను. తుదకు సెలవు రెండు దినములకు అంగీకారమైనది. లిఫ్టు సంగతి సంక్రాంతి పిమ్మటి సభకు వాయిదా పడినది.