చిన్నమెదడు చేసే పెద్దపని

మన తల వెనకభాగంలో, మెడకు కొంచెం పైగా, పెద్దమెదడు కింద ఒదిగి చిన్నమెదడు ఉన్నది. బరువులో అది మొత్తం మెదడులో పదోవంతు మాత్రమే. అయినా మెదడులో ఉండే సుమారు 8600 కోట్ల నాడీకణాలలో 6900 కోట్లు అందులోనే ఉన్నాయి!

ఇన్ని కణాలు అక్కడ ఏం చేస్తాయి? చిన్నమెదడు దెబ్బతిన్న జంతువులు నడవలేక తూలిపోతాయని ఫ్రాన్సు దేశపు ఫ్లూరాన్స్ 1824లో ప్రకటించాడు. అది నిజమే. సైకిలు మీద మనం పడిపోకుండా ఉండేది కూడా దాని చలవే. అందుచేత కదలికలను సరిదిద్దటం తప్ప దానికి వేరే పని లేదని చాలాకాలం అనుకున్నారు.

కాని 1998లో అమెరికాలో ష్మామన్, షెర్మన్ అనే పరిశోధకులు చిన్నమెదడు జబ్బులున్న 20 మందిని పరీక్షించి ఒక వింత బయటపెట్టారు. వారిలో చాలామందికి పనులు ముందుగా ఆలోచించుకోవటమూ, తగిన మాట వెతుక్కోవటమూ కూడా కష్టంగా ఉన్నది.

మరి ఆరోగ్యవంతుల మాటేమిటి? వారు ఆలోచించేటప్పుడు చిన్నమెదడు చురుకుగా ఉండటం యంత్రాలలో కనబడింది. అయితే పెళ్ళివారింట అందరూ హడావుడిగానే తిరుగుతారు. నిజంగా పని చేసేదెవరో తెలియాలంటే ఒకరిని కాసేపు కూర్చోబెట్టి, పని ఆగుతుందేమో చూడాలి!

అందుకు ఒక సాధనం దొరికింది. మారే అయస్కాంతశక్తి విద్యుత్తును పుట్టిస్తుందని ఫారడే 1831లో కనిపెట్టాడు. ఆ సూత్రంతోనే 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో బార్కర్ బృందం ఒక యంత్రం చేసింది. తీగచుట్టను తలకు ఆనించి మీట నొక్కితే "టక్" మంటుంది. కత్తీ సూదీ లేకుండా, లోపలి కణాలకు క్షణకాలం విద్యుత్తు తగులుతుంది. మన దగ్గర ఉండే మామూలు అయస్కాంతం ఈ పని చేయలేదు. దాని శక్తి అంత వేగంగా మారదు.

2005లో డెస్మండ్ బృందం ఆరోగ్యవంతులకు కొన్ని అక్షరాలు చూపి, తరవాత మరొక అక్షరం చూపి, "ఇది ఇందాకటి వాటిలో ఉన్నదా?" అని అడిగింది. అక్షరాలను మనసులో పెట్టుకునే సమయంలో చిన్నమెదడు కుడిభాగానికి అయస్కాంతపు తాకిడి ఇస్తే, సరి అయిన జవాబు చెప్పటానికి కూడా ఎక్కువ సేపు పట్టింది. ఉత్తుత్తి తాకిడికి అలా జరగలేదు.

కనుక చిన్నమెదడు కాళ్ళనే కాదు, ఆలోచననూ తూలనివ్వదన్నమాట. ఇది రోగులకు ఎంతో ముఖ్యమైన సంగతి. చిన్నమెదడు దెబ్బతిన్నవారికి నడక బాగుపడితే చాలదు; వారి మాటనూ, జ్ఞాపకాన్నీ కూడా కనిపెట్టి చూడాలి.