దిక్సూచి దక్షిణం చూపిన కాలం

జపాన్‌లోని గెన్‌బుడో గుహ దగ్గర నల్లటి బసాల్ట్ స్తంభాలు బారులు తీరి ఉంటాయి. 1926లో శాస్త్రవేత్త మోటోనోరి మతుయామా అక్కడి రాయిని పరీక్షిస్తే, అందులోని అయస్కాంతత్వం ఇప్పటి దిక్కుకు తలకిందులుగా ఉంది!

రాయికి దిక్కులెలా తెలుస్తాయి? లావాలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులుంటాయి. రాయి వేడి సుమారు 580 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గుతుండగా, అవి ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం దిక్కును పట్టుకుంటాయి. ఆ గుర్తు కోట్ల ఏళ్లయినా నిలుస్తుంది. మన వికారాబాద్ దాకా పరుచుకున్న దక్కన్ లావా పొరల్లోనూ ఇలా తిరగబడ్డ గుర్తులు దొరికాయి. ఎంత అద్భుతం!

ఎందుకిలా? మన కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ద్రవ ఇనుము సుడులు తిరుగుతూ విద్యుత్తును, దాంతో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ ప్రవాహం గతి మారితే క్షేత్రం బలహీనపడి, ఒక్కోసారి ఎదురు దిక్కులో మళ్లీ పుంజుకుంటుంది. భూమి మాత్రం పల్టీ కొట్టదు. ఈ మార్పుకు వేల ఏళ్లు పడుతుంది, అది ఎప్పుడు జరగాలన్నదానికి నియమిత గడువంటూ లేదు. చివరిసారి జరిగింది సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందట.

చిన్న కదలికలు మాత్రం నిత్యం ఉంటాయి. 1831లో కెనడా ఉత్తర కొసన నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ గుర్తించిన ఉత్తర అయస్కాంత ధ్రువం తర్వాత సైబీరియా వైపు జరుగుతూ వచ్చింది. దిక్సూచి చూపే దిక్కు ఇలా మారుతుండటం వల్లే విమానాశ్రయాల రన్‌వేల మీద ఆ దిక్కును తెలిపే అంకెలను అప్పుడప్పుడు మార్చి రాస్తారు.