వాల్వ్ మీది ఏడో మాట

పంజాగుట్టలో మా బంధువుల ఇంటి వెనక చిన్న ఈతకొలను ఉంది. దాని పక్కనే, వంగితే తప్ప దూరలేని పంపు గది. లోపల బానలాంటి ఫైబర్ ఫిల్టర్, దాని నెత్తిన ఒక వాల్వ్. వాల్వ్ చుట్టూ ఏడు మాటలు అచ్చు వేసి ఉన్నాయి: ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్, రీసర్క్యులేట్, క్లోజ్డ్, వింటర్. ఫిల్టర్, బ్యాక్‌వాష్ దగ్గర హ్యాండిల్ తిరిగి తిరిగి ప్లాస్టిక్ అరిగిపోయింది. వింటర్ దగ్గర ఒక్క గీత కూడా లేదు.

"ఇదెప్పుడు వాడతారన్నా?" అని అడిగాను, కొలను చూసుకునే ఆయన్ని.

"చలికాలంల బంద్ జేస్తే పెట్టాల్నంట సార్. మనకాడ ఎవ్వరు పెట్టరు."

ఆ మాట మన దగ్గరికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఈ యంత్రం పుట్టిల్లు చూడాలి. 1804లో స్కాట్లండ్‌లోని పైస్లీ ఊళ్లో జాన్ గిబ్ అనే ఆయనకు బట్టలు తెల్లబరిచే కార్ఖానా ఉండేది. బట్టకు మరకలంటకుండా నది నీటిని ఇసుకలోంచి, గులకరాళ్లలోంచి వడకట్టి, మిగిలిన నీళ్లు ఊరివాళ్లకు అమ్మాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లోని చెల్సీ నీటి కంపెనీ కోసం అదే పనిని పెద్ద మడుగుల్లో చేయించాడు. నీరు నెమ్మదిగా ఇంకేది, ఇసుక పైపొర మీద సూక్ష్మజీవుల జిగురు తెర కట్టి మురికిని పట్టేది. తెర మందమైతే మనుషులు దిగి పారలతో గీకేవారు.

అంత స్థలం, అంత ఓపిక లేని అమెరికా 1880ల్లో దారి మార్చింది. నీటిని ఇసుకలోంచి వేగంగా తోసి, ఇసుక మురికిపడగానే నీటిని కింది నుంచి పైకి ఎదురు తోయడం. ఇసుక రేణువులు లేచి, ఒకదాన్నొకటి రాసుకుని, మురికి వదిలేస్తాయి. బ్యాక్‌వాష్ అంటే ఇదే. నా దృష్టిలో ఈ కథలో అసలైన తెలివి ఇక్కడుంది: పార పట్టాల్సిన పనిని నీటి చేతికే అప్పగించారు. ఆ ఇసుకను మూత బిగించిన పీపాలో పోసి పంపు తగిలిస్తే ఇంటి ఈతకొలను ఫిల్టర్ అయింది. అర మిల్లీమీటరు ఇసుక, ఏ దారిన నీళ్లు పోవాలో చెప్పే ఒక్క హ్యాండిల్, ఒత్తిడి చూపే ముల్లు.

క్లోరిన్ కథ కూడా దీనికి చుట్టమే. ఇవాళ ఎన్నో తెలుగు కుటుంబాలున్న న్యూజెర్సీలో, జెర్సీ సిటీ ఊరికిచ్చే నీటిలో క్లోరిన్ కలపడం 1908 సెప్టెంబరు 26న మొదలైంది. రెండు రోజులకు, 28న, మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. ఆ వరదకు జవాబుగా కట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఇసుక మడుగుల్లో వడకట్టుకునే మన నగరానికి చేరాయి.

ఇక ఆ ఏడో మాట. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు. ఇంకా చల్లబడి గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కొలనులో పైకి లేవడానికి చోటుంది, గొట్టంలో లేదు. అందుకే మంచుదేశాల్లో చలికి ముందే నీటిమట్టం దించి, గొట్టాల్లోకి గాలి ఊది నీరంతా వెళ్లగొట్టి, బిరడాలు బిగించి, కొలను మీద పట్టా కప్పుతారు. హ్యాండిల్‌ను వింటర్ దగ్గర పెడితే వాల్వ్ లోపలి బిళ్ల ఏ దారినీ పూర్తిగా మూయదు. నీరు ఎక్కడా చిక్కుకోదు, వాల్వ్ పగలదు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా నేర్చుకుని డాలస్ వెళ్లిన నా మిత్రుడు ఈ సంగతి కష్టపడి నేర్చుకున్నాడు. టెక్సాస్ వేడి ప్రాంతం, అక్కడ కొలనులు సాధారణంగా మూయరు. చలి 3 డిగ్రీలకు దిగగానే పంపు తనంతట తాను తిరిగి నీటిని కదిలిస్తుంది, అదే రక్ష. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీలకు పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. పంపు ఆగింది. "ఒరేయ్, తెల్లారి చూస్తే పంపు నిలువునా చీలింది రా" అన్నాడు ఫోన్‌లో. కరెంటు పోగానే అడుగు బిరడాలు విప్పి పంపులోని, ఫిల్టర్‌లోని నీళ్లు బయటికి వదిలేసి ఉంటే అవి మిగిలేవి.

మరి పంజాగుట్టలో? హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో. ఆ రాత్రి కూడా గొట్టంలో నీరు గడ్డకట్టదు. మన చలికాలంలో కొలనుకు ముప్పు ఇంకో వైపు నుంచి వస్తుంది. నీళ్లు చల్లగా ఉన్నాయని దీపావళి దాటాక ఎవరూ దిగరు, పంపు ఆపేస్తారు. ఎండకు క్లోరిన్ విరిగి పోతుంది, నాచు పడుతుంది, దోమ గుడ్లు పెడుతుంది. మన డిసెంబరు ఎండకు రెండు వారాల్లో గుడ్డు దోమై ఎగురుతుంది. ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల లోపే ఉన్న బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. అంతటి సంగతి తేలిన చోట కదలని నీటిని మూడు నెలలు వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

దోమ పిల్ల నీటి పైన తోక గొట్టంతోనో, ఒళ్లు ఆనించో ఊపిరి తీసుకుంటుంది, దానికి నిలకడగా ఉన్న నీరు కావాలి. పంపు నడిస్తే పైనీరు కదులుతుంది, పైనీటిని లాగే స్కిమ్మర్ ఆ పిల్లను పట్టేస్తుంది. పైగా చల్లని నీటిలో నాచు నెమ్మదిగా పెరుగుతుంది, క్లోరిన్ తక్కువ ఖర్చవుతుంది. కాబట్టి వేసవిలో ఎనిమిది గంటలు నడిపే పంపు చలికాలంలో నాలుగు గంటలు నడిస్తే చాలు. కొలను ఖాళీ చేసేస్తే పోదా అనేవాళ్లుంటారు. వానలు వెలిసిన కొత్తలో భూగర్భజలం పైకి ఉంటుంది, ఖాళీ కొలనును కింది నుంచి ఎత్తి పగలగొట్టగలదు.

ఈ సంగతులన్నీ చెప్పాక, కొలను చూసుకునే ఆయన గడియారపు స్విచ్‌ను పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పంపు నడిచేలా మార్చాడు. పంపు ఆపి, బుట్ట మూత విప్పి, ఎండుటాకుల్లోంచి తెగిన మాంజా దారం ఒక ఉండ బయటికి లాగాడు. "సంక్రాంతికి ఇంకా జమైతది సార్" అని బుట్ట కడిగి బిగించాడు. హ్యాండిల్ ఫిల్టర్ దగ్గరే ఉంది.