కామాఠీపుర కింది సముద్రం

ముంబైలో తెలుగువాళ్లు ఎక్కడుంటారంటే కామాఠీపుర, ధారావి పేర్లు ముందు వస్తాయి. గట్టి వాన పడితే రెండు చోట్లా గల్లీల్లో నీళ్లు నిలుస్తాయి. మురుగుకాల్వలను తిట్టడం న్యాయమే. కానీ కారణంలో సగం ఆ నేల పుట్టుకలోనే ఉంది.

నేలను నేలతో కలిపే పని మామూలుగా ప్రకృతిది. రెండు పెద్ద భూభాగాలను కలుపుతూ, అటూ ఇటూ నీళ్లున్న సన్నని నేలను భూసంధి అంటారు. రెండు అమెరికాలను కలిపే పనామా అలాంటిదే. అలలు తెచ్చిన ఇసుక మేట వేసి, ఒడ్డు నుంచి దీవి దాకా తిన్నెగా పెరిగితే అది టొంబోలో. ఏ దీవినీ అందుకోకుండా సముద్రంలోకి సాగిపోతే స్పిట్. కాకినాడ రేవుకు అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ గోదావరి ఇసుకతో అలాగే పెరిగింది.

బొంబాయిలో ఆ పని మనుషులు చేశారు. ఒకప్పుడది ఏడు దీవులు. పోటు వేళ మహాలక్ష్మి, వర్లీల మధ్య గండిలోంచి సముద్రం చొరబడి నడుమనున్న పల్లాన్ని ముంచేది. విలియం హార్న్‌బీ గవర్నర్‌గా ఉన్న కాలంలో, 1784 ప్రాంతానికి, ఆ గండికి అడ్డంగా కట్ట వేశారు. అదే హార్న్‌బీ వెల్లార్డ్. అయితే ప్రకృతి కట్టే తిన్నె వెనక ఒండ్రు చేరుతూ నేల మెల్లగా లేస్తుంది. మనిషి కట్ట పోటును ఆపింది, దానితో వచ్చే ఒండ్రునూ ఆపింది. నేల ఆరింది గానీ ఎత్తు పెరగలేదు. నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన కట్టుబడి కూలీలకు, కామాఠీలకు, దక్కింది ఆ పల్లమే. నగరం కట్టినవాళ్లకు దానిలో తగ్గు నేల మిగలడం నాకు బాధగానే ఉంటుంది.

ధారావి ఒకప్పుడు మాహిం క్రీక్ పక్కన కోలీ జాలరుల ఊరు. ఉత్తరాన ఉన్న సాష్టీ దీవికి 1805 నాటికి సయన్ దగ్గర, 1845లో మాహిం దగ్గర కట్టదారులు పడ్డాయి. వాటి నడుమ బురద నేలను మట్టితో, చెత్తతో పూడుస్తూ బస్తీ పెరిగింది. పక్కనే మిఠీ నది. సముద్రం పోటు మీద ఉంటే నది తన నీటిని వదలలేక వెనక్కి ఎక్కుతుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు మిఠీ ఒడ్డు బస్తీలు మునిగాయి.

అందుకే ఇక్కడ వాన సూచన ఒక్కటే చాలదు, పోటు వేళ కూడా చూసుకోవాలి. 4.5 మీటర్లు దాటే పోటు రోజులను నగరపాలక సంస్థ వానాకాలానికి ముందే ప్రకటిస్తుంది.