వెల – విలువ

అంగడిలో వస్తువు వెల అందరికీ కనిపిస్తుంది. దాని విలువ మాత్రం వాడుకలోగాని తెలియదు. క్రీడారంగంలోనూ ఈ భేదం ఉంది. ఒక జట్టు కోట్ల ధనం వెచ్చించి ఒక ఆటగాణ్ణి తెచ్చుకొన్నప్పుడు అందరి దృష్టీ ఆ మొత్తం మీదనే నిలుస్తుంది. ఆ ధనానికి తగిన ప్రయోజనం జట్టుకు సమకూరిందా అన్న విచారణ అంత సులభమైనది కాదు. అమెరికాలో విశేష ప్రాచుర్యం పొందిన బేస్‌బాల్ ఆటలో ఈ విచారణ ఒక శాస్త్రంగానే రూపొందింది.

బేస్‌బాల్‌లోనూ క్రికెట్‌లో వలెనే ఒకరు బంతి విసరగా మరొకరు బ్యాటుతో కొడతారు. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బ్యాటు పట్టినవాడు మైదానంలోని మూడు బేస్‌లను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు లభిస్తుంది. జట్లు ఆటగాళ్లను సమకూర్చుకొనే మార్గాలు ప్రధానంగా మూడు. యువకులను ఎంపిక చేసుకొని తీర్చిదిద్దడం మొదటిది. సాధారణంగా ఆరు సంవత్సరాలు ప్రధాన లీగులో ఆడి, ఒప్పందం ముగిసి, స్వేచ్ఛ పొందిన ఆటగాడితో కొత్త ఒప్పందం చేసుకోవడం రెండవది. తమ ఆటగాణ్ణి మరొక జట్టుకిచ్చి, బదులుగా వారి ఆటగాణ్ణి తీసుకోవడం మూడవది. దీనినే మార్పిడి అంటారు.

కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లాండ్ నగరం తరఫున 1968 నుండి 2024 వరకు ఆడిన అథ్లెటిక్స్ జట్టు 2001లో 102 ఆటలు గెలిచింది. అయితే ఆ ఏడాది ఆట ముగియగానే ముగ్గురు ముఖ్యమైన ఆటగాళ్లు స్వేచ్ఛ పొంది వెళ్లిపోయారు. వారిలో మేటి అయిన జేసన్ జియాంబీకి న్యూయార్క్ యాంకీస్ జట్టు ఏడేళ్లకుగాను 12 కోట్ల డాలర్లు ఇవ్వజూపింది. జానీ డేమన్ బోస్టన్‌కు, జేసన్ ఇస్రింగ్‌హౌసెన్ సెయింట్ లూయిస్‌కు తరలిపోయారు. 2002లో ఓక్లాండ్ జట్టు ఆటగాళ్లందరి వేతనాలు కలిపి సుమారు 4 కోట్ల డాలర్లు మాత్రమే. అదే సంవత్సరం యాంకీస్ జట్టు వేతనాల మొత్తం 12 కోట్ల డాలర్లను మించింది. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, ఉన్నదానితోనే జట్టును నిలబెట్టవలసిన బాధ్యత జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ మీద పడింది.

జియాంబీ వంటి మరొకణ్ణి కొనడం తమ శక్తికి మించిన పని అని బీన్, అతని సహాయకుడు పాల్ డిపొడెస్టా గ్రహించారు. అందువల్ల వారు ప్రశ్ననే మార్చారు. వెళ్లిపోయినవారితో పాటు ఎన్ని పరుగులు పోయాయి, వాటిని తక్కువ వెలకు ఎలా రాబట్టాలి అని ఆలోచించారు. 1977 నుండి బేస్‌బాల్ గణాంకాలపై గ్రంథాలు వెలువరించిన బిల్ జేమ్స్ వంటివారి పరిశీలనలు వారికి దారి చూపాయి. ఒక ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. ఒక్కొక్క ఇన్నింగ్స్‌లో జట్టుకు మూడు ఔట్లు, అంటే మొత్తం 27 ఔట్లు. ఇవే జట్టు చేతిలోని పెట్టుబడి. ఔట్ కాకుండా బేస్ చేరినవాడు ఆ పెట్టుబడిని కాపాడినవాడవుతాడు. పిచర్ గతి తప్పిన బంతులు నాలుగు విసిరితే బ్యాటు పట్టినవానికి మొదటి బేస్ ఉచితంగా లభిస్తుంది. ఓర్పుతో అలాంటి బంతులను వదలివేసే నేర్పు కంటికి ఇంపుగా ఉండదు. అందుకే దానికి ఆనాటి విపణిలో తగిన వెల పలకలేదు.

స్కాట్ హాటెబర్గ్ ఆ నేర్పు కలవాడు. అతడు బోస్టన్ జట్టులో క్యాచర్‌గా, అంటే బ్యాటు పట్టినవాని వెనుక నిలిచి బంతిని అందుకొనేవాడుగా ఉండేవాడు. మోచేతి నరం దెబ్బతినడంతో బంతిని మునుపటిలా విసరలేకపోయాడు. క్యాచర్‌కు అది తీరని లోపం. అతని క్రీడాజీవితం ముగిసినట్లేనని పలువురు తలచారు. ఓక్లాండ్ జట్టు పది లక్షల డాలర్లకు లోపు మూల వేతనంతో అతణ్ణి చేర్చుకొంది. అంతగా విసరవలసిన పనిలేని మొదటి బేస్ స్థానంలో నిలిపింది. శిక్షకుడు రాన్ వాషింగ్టన్ ఆ కొత్త స్థానపు మెళకువలను అతనికి ఓపికగా నేర్పాడు. 2001లో జియాంబీ నూటికి సుమారు 48 సార్లు బేస్ చేరగా, 2002లో హాటెబర్గ్ సుమారు 37 సార్లు చేరాడు. ఇద్దరూ సమానులు కారు. కాని వేతనాల వ్యత్యాసం ముందు ఈ వ్యత్యాసం స్వల్పం.

2002లో ఓక్లాండ్ 103 ఆటలు గెలిచింది. యాంకీస్ గెలిచినవి కూడా 103. ఓక్లాండ్ వరుసగా 20 విజయాలు సాధించింది. సెప్టెంబర్ 4న ఇరవయ్యవ ఆటలో 11–0 ఆధిక్యం కరిగిపోయి స్కోరు 11–11కు చేరినప్పుడు, హోమ్ రన్ కొట్టి జట్టును గెలిపించినవాడు హాటెబర్గ్.

అయితే ఈ విజయమంతా చవక ఒప్పందాల ఫలితమనడం సత్యం కాదు. టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బ్యారీ జీటో అనే ముగ్గురు పిచర్లు ఆ జట్టుకు వెన్నెముక. ఓక్లాండ్ తీర్చిదిద్దిన ఈ యువకులకు అప్పటికింకా స్వేచ్ఛ పొందే అర్హత రానందున వారి వేతనాలు తక్కువగా ఉండేవి. అంతేకాక, ఆ ఏడాది అనంతర పోటీల తొలి దశలోనే జట్టు మిన్నెసోటా చేతిలో ఓడింది. 162 ఆటలలో బయటపడే యోగ్యత ఐదు ఆటల పోరులో బయటపడకపోవచ్చు.

మార్పిడిని అంచనా వేయడంలో కాలం కూడా ముఖ్యమే. 1987 ఆగస్టులో డెట్రాయిట్ జట్టు 36 ఏళ్ల పిచర్ డాయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుండి తీసుకొని, బదులుగా ఇరవై ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చింది. అలెగ్జాండర్ ఆ ఏడాది డెట్రాయిట్ తరఫున తొమ్మిది ఆటలు గెలిచి, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ రెండు ఆటల తేడాతో తన విభాగంలో ప్రథమ స్థానం పొందింది. 1989 తరువాత అతడు ఆట విరమించాడు. స్మోల్ట్జ్ మాత్రం రెండు దశాబ్దాలు అట్లాంటాకు సేవ చేసి, 2015లో బేస్‌బాల్ కీర్తిమందిరంలో స్థానం పొందాడు. ఫలితాన్ని బట్టి చూస్తే డెట్రాయిట్ నష్టపోయింది. కాని ఆనాడు దానికి కావలసింది తక్షణ విజయం. అది దక్కింది. ఇరవై ఏళ్ల యువకుని భవిష్యత్తు ఎవరికీ కరతలామలకం కాదు.

కాబట్టి ఒక ఒప్పందాన్ని గాని, మార్పిడిని గాని అంచనా వేసేటప్పుడు జట్టు అవసరమేమిటి, చెల్లించిన దానికి ఏమి లభించింది, నిర్ణయించిన నాడు తెలిసినదెంత, ఫలితం ఎంతకాలం నిలిచింది అన్న నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పేరును చూసి వెల కట్టడం తేలిక. చేయలేని పనిని పక్కన పెట్టి, చేయగల పనిని గుర్తించినప్పుడే విలువ తెలుస్తుంది. పనికిరాడనిపించుకొన్న హాటెబర్గ్ మొదటి బేస్ వద్ద నిలిచి నిరూపించినది ఇదే.